జేజినాయన వేసిన మార్కులు

కడప బస్టాండు నుంచి మా తమ్ముడి ఇంటికి నన్ను తెచ్చి దించిన ఆటో అతను డబ్బులు పుచ్చుకున్నాక కూడా కదల్లేదు. నా చేతిలో ఫోను వైపు చూపించి, "అమ్మా, దాంట్లో అయిదు సుక్కలొస్తాయి. అయిదూ నొక్కుమ్మా. ఒగటి తగ్గినా మాకు శానా ఇబ్బంది" అన్నాడు. దారి పొడవునా గుంతల్లో ఎగరేసి నా నడుము విరగ్గొట్టిన మనిషి. పైగా దర్గా దగ్గర ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ తిరగాల్సిన సందు దాటిపోయి మళ్లీ వెనక్కి తిప్పాడు. నేనేమో బతుకంతా కర్నూలు బడుల్లో ఇంగ్లీషు పేపర్లు దిద్దినదాన్ని. అర మార్కు కోసం పిల్లల తల్లిదండ్రులు ఇంటికొచ్చి బతిమాలినా కరగదని నాకు పేరు. రెండు వేద్దామనే వేలు చాపాను. అతను నా వేలినే కళ్లార్పకుండా చూస్తున్నాడు. పోనీలెమ్మని అయిదూ నొక్కి లోపలికి పోయాను. నొక్కాక నవ్వొచ్చింది. మా జేజినాయన పక్కనుంటే, "అంత దూరం మోసుకొచ్చినోనికి అయిదు గాక ఇంకెంతేస్తావు పాపా?" అని ఉండేవాడు.

మా వైపు నాయనమ్మను జేజి అంటాం, తాతను జేజినాయన అంటాం. ఆ జేజినాయన పని మీదే ఇప్పుడు వచ్చాను. మా తమ్ముడు శీను మిద్దె మీద ఇంకో అంతస్తు లేపుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, "అక్కా, జేజినాయన తీగ అడ్డమొస్తాంది. తీసెయ్యమంటావా, ఏమంటావు? నువ్వొచ్చి చెప్పేదాకా ముట్టుకోనులే" అన్నాడు. వాడికి ఆ తీగ సంగతి సరిగ్గా తెలియదు, అప్పుడు చంటివాడు. అయినా అడగాలని తోచిందే, అందుకు వాణ్ణి మెచ్చుకోవాలి. చెప్పులైనా విప్పకుండా మిద్దెక్కి చూశాను. మిద్దె మీది ఇనుప గుంజ నుంచి, ఒకప్పుడు మా బండల ఫ్యాక్టరీ ఉన్న రేకుల షెడ్డు కొన దాకా, అదే రాగి తీగ. పచ్చగా చిలుము పట్టి, నడుమ కాస్త వేలాడుతోంది. దాని నిండా మా మరదలు ఆరేసిన దుప్పట్లు. జేజి బతికుంటే చివరికి తానే గెలిచానని సంబరపడేది.

ఆ తీగ మీద తడిగుడ్డలు ఆరెయ్యడం గురించి ఆ ఇంట్లో జరిగిన రభస అంతా ఇంతా కాదు. అది జేజినాయన షార్ట్‌వేవ్ రేడియోకు ఏరియల్. జేజికేమో మంచి ఎండ తగిలే చోట, అందే ఎత్తులో, గట్టిగా కట్టిన తీగ. మధ్యాహ్నం పూట జేజినాయన కునుకు తీస్తున్నప్పుడు ఆమె చప్పుడు కాకుండా పంచెలన్నీ దాని మీద పరిచేసేది. లేచి చూసి ఆయన లబలబలాడేవాడు. "తడిగుడ్డ ఏస్తే దేశాలన్నీ మూగబోతాయే" అని ఆయన, "ఆ దేశాలోల్లు వచ్చి నీ పంచె ఉతుకుతారా? ఊరికే అరస్తావెందుకు" అని ఆమె. చివరికి ఆయనే ఒక్కొక్క గుడ్డా తీసి మడిచి ఆమె చేతికిచ్చేవాడు. మా అమ్మ వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

మా జేజినాయన పేరు ఓబులయ్య. అహోబిలం నరసింహస్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు. ఎర్రగుంట్ల వైపు గనుల నుంచి వచ్చే నల్లబండలను కోసి, నునుపు పట్టి అమ్మే ఫ్యాక్టరీ ఆయన పెట్టిందే. నాకు బుద్ధి తెలిసేనాటికి దాన్ని మా నాయనకు అప్పజెప్పేశాడు. ఆయన దగ్గర మిగిలిన పని ఒక్కటే, బండను తట్టి చూడటం. చిన్న సుత్తితో నాలుగు చోట్ల తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. కంగుమంటే మంచి బండ. బొద్దుమంటే లోపల ఎక్కడో పగులు ఉన్నట్టు. ఆయన "మోగలేదు" అన్న బండను మా నాయన పక్కన పడేయించేవాడు, కొనేవాడు ఎంత బాగుందన్నా సరే. మా ఇంటి వాసన అంటే ఇప్పటికీ నాకు గుర్తొచ్చేది కోత మిషను కింద తడిసిన రాతి బురద వాసన. కొత్త వాన పడ్డప్పుడు వచ్చే వాసన లాంటిదే, కాకపోతే మాకు ఏడాది పొడవునా వచ్చేది. దాని మీద పొద్దున పూట జేజి బొరుగులతో కలిపే ఉగ్గాని తాలింపు ఘాటు. ఈ రెండూ కలిసిన వాసన ఇప్పుడు ఎక్కడా దొరకదు. దొరికితే ఎంత దూరమైనా పోతాను.

రేడియో ఎలా వచ్చిందంటే, మద్రాసు నుంచి బండల కోసం వచ్చే ఒక పెద్దాయన, తన కొత్త ఇంటికి జేజినాయన ఏరి పంపిన బండలు చూసి మురిసిపోయి, మరుసటిసారి వచ్చినప్పుడు సంకలో పెట్టుకుని తెచ్చి ఇచ్చాడు. బ్యాటరీతో పాడే పెద్ద రేడియో, ముందువైపు గోధుమ రంగు గుడ్డ. అందరూ దాంట్లో పాటలు, పంటల ధరలు వినేవాళ్లు. జేజినాయన మాత్రం ముల్లును ఎవరూ పోని చోట్లకు తిప్పేవాడు. అక్కడ బుడబుడలు, ఈలలు, వాటి నడుమ హఠాత్తుగా ఎవరో మనిషి గొంతు. "పాపా, ఎవురో మాట్లాడుతాండారు, యాడోల్లో ఇనుమే" అని నన్ను కేకేసేవాడు. మా ఇంట్లో కాస్తో కూస్తో ఇంగ్లీషు అర్థమయ్యేది నాకే, అదీ మిషన్ బడిలో చదువుకోవడం వల్ల. అర్థం కానివాటికి డిక్షనరీ తీసేదాన్ని. నేను ఇంగ్లీషు టీచరునయ్యానంటే ఆ రేడియో పుణ్యమే.

స్టేషన్ల అసలు పేర్లతో ఆయనకు పని లేదు. కార్యక్రమానికి ముందు ఒక్కో స్టేషను తన గుర్తుగా ఏదో ఒక చప్పుడు వినిపించేది కదా, దాన్ని బట్టి ఆయనే పేర్లు పెట్టుకున్నాడు. పిల్లనగోవి ఊదేది కాపరి స్టేషను. పక్షి కూసేది పిట్ట స్టేషను. ఎక్కడో ఉత్తరాన, మంచు కురిసే ఒక చిన్న దేశం వాళ్లు చర్చి గంటలు మోగించేవాళ్లు, అది గంటల స్టేషను. ఆయనకు ప్రాణం ఆ గంటలంటేనే. మంచి బండను తట్టినట్టు మోగుతాయనేవాడు. ఇబ్బంది ఏమిటంటే, దాని పక్కనే పెద్ద స్టేషను ఒకటి బలంగా కూర్చునుండేది. అది అరుస్తుంటే గంటలవాళ్లు గోడ అవతల గుసగుసలాడినట్టు వినిపించేవాళ్లు. మా కోత మిషను తిరుగుతుంటే ఆ గుసగుస కూడా దక్కేది కాదు, గర్రుమని ఒకటే రొద. అందుకే ఊళ్లో కరెంటు పోతే వీధి వీధంతా ఉసూరుమనేది, మా ఇంట్లో ఒక్కడు మాత్రం "పోయిందిరా అబ్బా!" అని చేతులు చరిచేవాడు. ఫ్యాక్టరీ పెట్టినోడే కరెంటు పోతే పండగ చేసుకోవడం చూసి మా నాయనకు ఒళ్లు మండేది.

స్టేషనువాళ్లు తమ మాట ఎక్కడెక్కడ ఎలా వినిపిస్తోందో రాసి పంపమనేవాళ్లు. ఏ రోజు, ఏ వేళ, ముల్లు ఎక్కడ ఉంటే విన్నాం, ఏమేం విన్నాం అని రాసి పంపితే, అది నిజమేనని సరిచూసుకుని, అవునంటూ ఒక బొమ్మ కార్డు పంపేవాళ్లు. రాసేదాంట్లో మార్కులు కూడా వెయ్యాలి. సద్దు ఎంత గట్టిగా ఉంది, పక్క స్టేషను అడ్డం వచ్చిందా, గరగర ఉందా, సద్దు ఎక్కి దిగుతోందా, మొత్తం మీద ఎలా ఉంది, ఇలా ఒక్కోదానికి అయిదు దాకా. నేను పైదేశాలకు రాసే నీలం ఏరోగ్రాం కాగితం పరుచుకుని, "ఎంతేద్దాం జేజినాయనా?" అని అడిగేదాన్ని. ఆయన ఎప్పుడూ చెయ్యి ఎత్తి అయిదు వేళ్లూ చాపేవాడు. చెనిక్కాయలు వేయించినట్టు చిటపటలాడినా అయిదే. సగం మాటలు గాల్లో కలిసిపోయినా అయిదే.

"అది కాదు జేజినాయనా, సరిగ్గా ఇనపడ్లేదు గదా, రెండు వేద్దాం" అంటే ఇంతెత్తున లేచేవాడు. "పెండ్లికి పిల్చి పెట్టినోల్లకు పప్పులో ఉప్పు లేదని చీటీ రాసిస్తామా? యాడనో దేశంలో కూచోని మనకోసం గొంతు చించుకుంటాండారు. రెండేస్తే వాళ్ల మొగం ఎంత చిన్నబోతాది? మనోల్లకు మర్యాద తెలీదనుకోరూ?" అనేవాడు. వరసగా అయిదులు దిద్దేదాన్ని. దాని మీద జేజి ఏరోగ్రాం నాలుగు మూలలా పసుపు రాసేది. దూరదేశం పోయే కాగితం మంగళంగా పోవాలని ఆమె పట్టు. ఒకసారి ఒక స్టేషనువాళ్లు, మీ కాగితం దారిలో ఏదో మందులో తడిసినట్టుంది, పచ్చటి మరకలున్నాయి, అంతా క్షేమమేనా అని రాశారు. జేజికి చదివి చెప్తే, "అడిగినారు సూడు, మంచోల్లు" అని తర్వాత ఇంకాస్త దట్టంగా పూసింది.

చాలా స్టేషన్లు కార్డులు పంపేవి. పోస్టుమాన్ మస్తాన్ మామ సైకిలు మా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగితే పనివాళ్లు కూడా గుమిగూడేవాళ్లు. వంతెనలు, మంచుకొండలు, పెద్ద పెద్ద ఏరియల్ స్తంభాలు, టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు. జేజి ఆ కార్డుల మూలలకూ పసుపు రాసి, పెళ్లిపత్రికల్లాగా గోడ గూట్లో నిలబెట్టేది. గంటల స్టేషను కార్డు ఒక్కటే ఎన్నాళ్లు చూసినా రాలేదు. గూట్లో దానికోసమని నడుమ కాస్త చోటు వదిలించాడు జేజినాయన.

అంతలో ఆయన చెవులు మందగించడం మొదలైంది. వయసంతా కోత మిషను పక్కన గడిపిన మనిషి. ఆస్పత్రిలో డాక్టరు, అరిగిపోయిన చెవులు తిరిగి రావు, ఉన్న కాస్త కూడా నెమ్మదిగా పోతుందని చెప్పాడట. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నాకు ఒక్కదానికే చెప్పాడు, అదీ రేడియో ముందు కూర్చుని. ఆ రోజు గంటల స్టేషనులో ఉత్తరాల కార్యక్రమం వస్తోంది. ఎక్కడెక్కడో వినేవాళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు ఒకామె చదువుతోంది. చివర్లో పోటీ అని చెప్పింది. వచ్చే నెలలో వారం పాటు రోజూ విని, తమకు బాగా పనికొచ్చే రిపోర్టులు పంపినవాళ్ల పేర్లు రేడియోలో చదువుతామని, వాళ్ల పేరు అచ్చేసిన కార్డు పంపుతామని. నేను తెలుగులో చెప్పేసరికి ఆయన గోధుమ గుడ్డ మీద చెయ్యి పెట్టి, "పాపా, ఓబులయ్య, కడప అని ఆయమ్మ నోట్లో నుంచి ఒక్కతూరి ఇనాల. ఈ చెవులు మూతబడక ముందే ఇనాల" అన్నాడు. ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. ఎప్పుడూ ఇచ్చేవాడే తప్ప అడిగినవాడు కాదు.

అనుకుంటూ ఉండగానే గంటల స్టేషను నుంచి కవరు వచ్చింది. కార్డు కాదు, ఉత్తరం. మస్తాన్ మామ, పనివాళ్లు, జేజి, అందరి ముందూ చదవమన్నాడు జేజినాయన. మీరు పంపిన రిపోర్టులకు చాలా సంతోషం, కానీ ఆ వేళకు మీ వైపు మా పక్క స్టేషను మమ్మల్ని ముంచేస్తోందని మాకే తెలుసు, మీరు మాత్రం ప్రతిసారీ అన్నిటికీ అయిదు వేశారు, దీంతో మాకు ఉపయోగం లేదు, కార్డు పంపలేకపోతున్నాం, దయచేసి ఉన్నది ఉన్నట్టు రాయండి అని ఎంతో మెత్తగా రాశారు. మెత్తగా రాసినా దెబ్బ దెబ్బే. జేజినాయన మొహం నల్లబండ అయింది. "నన్ను అబద్ధాలోనంటాండారా?" అని ఒక్క మాట అనేసి లేచి వెళ్లిపోయాడు. "అట్లనలేదు జేజినాయనా" అని వెంటపడితే, "నువ్వు గమ్మునుండుమే" అన్నాడు. నన్ను ఆయన కసిరింది బతుకులో అదొక్కసారే. ఆ తర్వాత రేడియో మీద జేజి గుడ్డ కప్పింది. తీగ మీద పంచెలు నిశ్చింతగా ఆరాయి, కానీ జేజికి కూడా అది రుచించలేదు. "పొయ్యి ఆ బుడబుడలైనా పెట్టుకో మనిసీ, ఇల్లు బావురుమంటాంది" అంది.

నాకు ఏడుపొచ్చేది, కోపం కూడా వచ్చేది. పోటీ దగ్గర పడుతోంది, చెవులా ఆగవు, ఈయనేమో మొండికేసి కూర్చున్నాడు. అప్పుడే ప్రొద్దుటూరు నుంచి ఒకాయన బండలకు వచ్చాడు. బంగారు వ్యాపారం చేసే ఇల్లు, మా నాయనకు పాత పరిచయం. ఒక పెద్ద బండ చూసి మనసు పడ్డాడు, నునుపులో మొహం కనిపిస్తోంది. జేజినాయన తట్టి, మళ్లీ తట్టి, తల అడ్డంగా ఊపాడు.

"ఇది వద్దప్పా, మోగలేదు."

"యాడుండాది పగులు? నాకేం కనపడ్లేదే."

"కనపడదు. రెండేండ్లకు కనపడ్తాది, నీ ఇంట్లో."

"ఏమప్పా ఓబులయ్యా, నీ బండను నువ్వే బాగలేదంటావా?"

"బాగుందని చెప్పి నీ ఇంట్లో పెట్టిస్తే అది మర్యాదనా? నువ్వు మాకు కావాల్సినోనివి గాబట్టే చెప్తాండా."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. వచ్చినాయన ఇంకో బండ వైపు పోగానే జేజినాయన చెయ్యి పట్టుకున్నాను. "మరి గంటలోల్ల బండ మోగిందా జేజినాయనా?" అన్నాను. ఆయన సుత్తి అట్లాగే పట్టుకుని నా వైపు చూశాడు. "వాళ్లు కూడా తట్టి సూడమనే గదా అడుగుతాండారు. మనకు కావాల్సినోల్లే గదా" అన్నాను. అంత మాట నాకు ఎలా తట్టిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆయన సుత్తి గూట్లో పెట్టి, కాళ్లు కడుక్కుని, లోపలికి పోయి రేడియో మీద గుడ్డ తీశాడు. పొద్దుగూకే వేళ అయింది. గంటలు మోగాయి, పక్కవాడు అరిచాడు, మా మిషను గర్రుమంది. నేను ఏరోగ్రాం పరిచాను. ఆయన చాలాసేపు వేళ్ల వంక చూసుకుని, రెండు వేళ్లు ఎత్తాడు. ఎత్తి, "కింద రాయి, ఏమనుకోవద్దండి, మీ గొంతులో లోపం ల్యాదు, మా వైపు గాలే అట్ల ఉండాదని" అన్నాడు. అట్లాగే రాశాను. ఆ తర్వాత ఆయన ఎక్కడ తక్కువ వేసినా దాని పక్కన ఒక క్షమాపణ ఉండేది. రిపోర్టులో మార్కుల కంటే మన్నింపులే ఎక్కువ చోటు తినేవి.

పోటీ వారం వచ్చింది. వచ్చిందంటే రానే వచ్చింది, మా నాయనకు నంద్యాల నుంచి పెద్ద బేరం కూడా అప్పుడే వచ్చింది. మిషను పొద్దున ఎక్కితే చీకటి పడేదాకా దిగకూడదు. కరెంటు పోతుందేమోనని నేను మొక్కని దేవుడు లేడు. మిషన్ బడిలో ప్రార్థన, ఇంట్లో ఓబులేశుడికి దండం, దర్గా ముందు నుంచి పోతూ అక్కడ ఇంకొకటి. ఊళ్లో ఎప్పుడూ పోయే కరెంటు ఆ మొదటి రోజు కదలకుండా కూర్చుంది. గంటలు మొదలయ్యే వేళ అయింది. జేజినాయన చెవి రేడియో గుడ్డకు ఆనించి కూర్చున్నాడు. గర్రుమని రొద. "ఏం ఇనపడ్తాంది పాపా?" అన్నాడు. ఏమీ వినపడటం లేదు. నేను ముల్లు అటూ ఇటూ తిప్పి చూస్తుండగానే రొద ఆగిపోయింది. కరెంటు పోయిందనుకుని వాకిట్లోకి వచ్చాను. లైటు వెలుగుతూనే ఉంది. మా నాయన మోటారు స్విచ్చు దగ్గర నిలబడి, పనివాళ్లతో "టీ తాగి రాపోండప్పా, బిర్నా రావద్దు, నిదానంగానే రాండి" అంటున్నాడు. నన్ను చూసి, "ఏం సూస్తాండావు? పో, రాసుకోపో" అని విసుక్కున్నాడు. ఆ రేడియోను ఒక్కనాడూ మెచ్చుకోని మనిషి వారమంతా ఆ వేళకు మోటారు ఆపాడు. తెల్లారుజామునే లేచి ఆ తక్కువ పడ్డ కోత పూర్తి చేసేవాడని అమ్మ తర్వాత ఎప్పుడో చెప్పింది. జేజి కూడా ఆ వారం తీగ మీద ఒక జేబురుమాలు సైతం ఆరెయ్యలేదు. పసుపు మాత్రం మానలేదు.

పేర్లు చదివే రోజు ఇంటి ముందర తిరునాళ్ల లాగా ఉంది. రేడియో తెచ్చి తీగ కింద బండల వరస మీద పెట్టాం. పనివాళ్లు, మస్తాన్ మామ, అమ్మ చంకలో శీను, అందరూ. మోటారు ఆగింది. గంటలు సన్నగా మోగాయి. ఆయమ్మ గొంతు తేలుతూ మునుగుతూ వచ్చింది. ఏవేవో దేశాలు, ఏవేవో పేర్లు. ఒక్కసారి సద్దు పైకి లేచినప్పుడు, "ఒబు... లాయా, కడ్డపా, ఇండియా" అని వినిపించింది. ఆ వెంటనే, మన్నింపు అడుగుతూ నిజం రాసిన మా స్నేహితుడు అని ఏదో అని, నవ్వి, పక్కవాడి అరుపులో కలిసిపోయింది. నేను గట్టిగా కేక పెట్టాను. పనివాళ్లు చప్పట్లు కొట్టారు. జేజి "నరసింహా!" అని దండం పెట్టింది. జేజినాయన మాత్రం చెవి గుడ్డకు ఆనించే ఉన్నాడు. అందరూ ఎందుకు గోల చేస్తున్నారో తెలియనట్టు తల ఎత్తి నా వైపు చూశాడు.

"చెప్పినారా పాపా?"

అంత కష్టపడి తెచ్చుకున్న పేరు ఆయనకు వినపడలేదు. పనివాళ్ల చప్పట్లు కూడా ఆగిపోయాయి. బండల మీద కొలతలు రాసే సుద్దముక్క అక్కడే ఉంది. తీసుకుని ఎదురుగా ఉన్న నల్లబండ మీద పెద్ద అక్షరాలతో 'ఓబులయ్య, కడప' అని రాశాను. ఆయన చదివాడు. చూపుడు వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని, మంచి చెవి నా వైపు తిప్పి, "ఆయమ్మ ఎట్లనిందో అట్లనే అను" అన్నాడు. ఆయన చెవిలో నోరు పెట్టి, ఆ యాసలోనే, "ఒబులాయా, కడ్డపా, ఇండియా" అన్నాను. నవ్వాడు చూడండి, ఆ నవ్వు! పళ్లు లేని చిగుళ్లన్నీ కనిపించేలా. "ఇంకోతూరి" అన్నాడు. ఆ నెలంతా నాకు అదే పని. అన్నం తినేటప్పుడు ఒకసారి, మంచం వాల్చేటప్పుడు ఒకసారి. జేజి కూడా నేర్చుకుని, కోపం వస్తే "ఓ కడ్డపా, పంచె తియ్యి" అనేది.

ఆ రోజు రిపోర్టు కూడా పంపాలి కదా. "ఎంతేద్దాం జేజినాయనా?" అని చెవిలో అడిగాను. ఇంత సంబరంలో అయిదు వేళ్లూ చాపుతాడనుకున్నాను. ఆయన ఆలోచించి, "నాకు సున్నా. నీకు రెండు. రెండే ఎయ్యి" అన్నాడు. రెండే వేశాను. కొన్నాళ్లకు కార్డు వచ్చింది, మంచులో చిన్న గంటగోపురం, కింద ఆయన పేరు అచ్చు. గూట్లో వదిలిన చోట్లో జేజి దాన్ని నిలబెట్టింది.

ఇప్పుడు ఏ దేశం పాటైనా ఫోను నొక్కితే పక్క గదిలో పాడినట్టు వస్తుంది. గరగర లేదు, పక్కవాడి అరుపు లేదు, ముల్లు తిప్పే పని లేదు. మంచిదే, నేనూ వింటాను. అయితే అన్నీ ఉన్న ఈ రోజుల్లో ఎవరికి ఫోన్ చేసినా మొదటి మాట "వినపడుతోందా? హలో, వినపడుతోందా?" అనే కదా. అవతల ఉన్నవాళ్లు ఊఁ అంటారు. నిజంగా విన్నారో, కూర తరుగుతూ అన్నారో మనకు తెలియదు. విన్నామని కార్డు రాసి, స్టాంపు అంటించి పంపినవాళ్లను చూసినదాన్ని కాబట్టి నాకు ఆ ఊఁలు ఆనవు. చుక్కలంటారా, అడుక్కుని వేయించుకునే చుక్కలకు ఏం విలువ? అని ఇంతకుముందే చిర్రెత్తి, నేనే అయిదు నొక్కి వచ్చాను. జేజినాయన రక్తం ఎక్కడికి పోతుంది.

శీను మిద్దె మీదికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఏమంటావక్కా?" అన్నాడు. "అంతస్తు కట్టుకో. కట్టినాక ఇదే తీగ పైన మళ్లా కట్టు. గుడ్డలు ఆరేసుకోండి, ఏం పర్లేదు" అన్నాను. "రేడియో ఏది అక్కా, ఊరికే ఎందుకు?" అన్నాడు. వాడికి చెప్పాలనుకుని, అప్పుడు చెప్పలేకపోయిన సంగతి ఇది.

నాకు కర్నూల్లో ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చాను. అప్పటికి జేజినాయన చెవులు పూర్తిగా మూతబడ్డాయి. ఈ తీగ కిందే నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు, పక్కన జేజి చెనిక్కాయలు ఒలుస్తోంది. నేను ఆయన ఒకప్పటి మంచి చెవి దగ్గర నోరు పెట్టి, "జేజినాయనా, ఉద్యోగమొచ్చింది! ఇంగ్లీషు టీచరు!" అని నా బలమంతా పెట్టి అరిచాను. మిషను ఆపి పనివాళ్లు కూడా చూశారు. ఆయన నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. పాత అలవాటుగా నా నోటికి అదే వచ్చింది, "ఎంతేద్దాం జేజినాయనా?" అని. ఆయన వెంటనే చెయ్యి ఎత్తాడు. అయిదు వేళ్లూ చాపాడు. నా ప్రాణం లేచొచ్చింది, విన్నాడనుకున్నాను. ఆ చెయ్యి అట్లాగే ఎత్తి ఉంచి, జేజి వైపు తిరిగి, "పాప ఏమంటాంది?" అని అడిగాడు.

జేజి చేతిలో చెనిక్కాయలు చాటలో పడేసింది. "ఇనపడకుండానే అయిదేసినావా మనిసీ?" అని చేతులు తిప్పుతూ తిట్టింది. ఆ చేతులు చూసి ఎందుకు తిడుతోందో ఆయనకు అర్థమైంది. నన్ను దగ్గరికి లాక్కుని తల నిమురుతూ, "పాప నోరు తెరిస్తే ఇంకెంతేస్తారే?" అన్నాడు.